క్రొత్త యూపిరికి గావలి



పోయిన మాసమున ఊరగాయ జాడీలకు బూజు పట్టకుండ కాపాడుకొను విధమును గూర్చి మేము వ్రాసియుంటిమి. తడిచేయి జాడీలో పెట్టరాదను మాట మన యిండ్లలో నడక నేర్చిన బిడ్డకు గూడ తెలిసినదే. అయినను ఏల పెట్టరాదో విడమరచి చెప్పితిమని పలువురు సంతోషించి జాబులు వ్రాసిరి. వానిలో నొక జాబు మాత్రము వేఱు తీరున నున్నది. గోదావరి తీరమునుండి యొక సోదరి వ్రాసినది. ఆమె అన్నగారికి ఊపిరితిత్తులు రెండును చెడిపోగా పట్టణములోని వైద్యశాలలో వానిని తీసివైచి, మరణించిన యొక పుణ్యాత్ముని ఊపిరితిత్తులను అమర్చిరట. శస్త్రచికిత్స చక్కగా జరిగినదని అందఱును సంతసించిరట. అయినను వైద్యులు, "ఇక మా భయమంతయు ఇన్ఫెక్షనును గూర్చియే, అందులోను ఆసుపత్రిలో నుండగా తగులుకొనునదే మిక్కిలి చెడ్డది" అని చెప్పిరట. "రోగము పోగొట్టుకొనుటకు పోయిన చోటనే రోగము తగులుకొనుట యేమి? వైద్యశాలకంటె శుభ్రమైన చోటు మఱి యెక్కడ నున్నది? జాడీని గూర్చి చెప్పినట్లే దీనిని గూర్చియు చెప్పుడు" అని యా సోదరి కోరిక.

మేము వైద్యులము కాము. మా యింటివారు పాఠశాలలో ఉపాధ్యాయులు. వారు తెచ్చి చదివి వినిపించినదియు, మేము స్వయముగా చదువుకొన్నదియు, మూడేండ్ల క్రిందట ఒక వైద్యశాలలో మా చెల్లెలి చెంత 61 దినములు గడపి కన్నులార చూచినదియు — ఇంతియే మాకు గల జ్ఞానము. ఆ దినములలో మేము చేసిన తప్పొకటి, చేయక మానిన పని యొకటి మా మనస్సులో నిలిచిపోయినవి. వానిని దాచక చెప్పుటకే ఈ మాసపు పుటలను వినియోగించుచున్నాము. అయితే అవి తప్పు లెట్లయినవో తెలియవలెనన్న, ముందుగా ఈ చికిత్స స్వరూపము కొంత తెలియవలెను.

మనుష్యునకు మఱియొక మనుష్యుని ఊపిరితిత్తిని మొట్టమొదట అమర్చినవాడు జేమ్స్ హార్డీ యను శస్త్రవైద్యుడు. అమెరికా దేశమున మిసిసిపీ రాష్ట్రపు జాక్సన్ నగరములో, 1963వ సంవత్సరము జూన్ 11వ తేదీన ఆ చికిత్స జరిగినది. రోగి 18 దినములు మాత్రమే జీవించి, మూత్రపిండములు చెడి మరణించెను. 1968లో బెల్జియము దేశపు గెంట్ నగరమున డెరోమ్ అను వైద్యుడు చికిత్స చేసిన రోగి సుమారు 10 మాసములు జీవించెను. ఆ తరువాత చాలకాలము వఱకు ఎవ్వరును ఆ మేరను దాటలేకపోయిరి. ఆనాటి రోగులను ముఖ్యముగా చంపిన శత్రువులు మూడు. శరీరము క్రొత్త యవయవమును పరాయిదిగా నెంచి త్రోసిపుచ్చుట మొదటిది. శ్వాసనాళమును కుట్టిన చోటు మానక విడిపోవుట రెండవది. సూక్ష్మక్రిములు చొచ్చుట మూడవది.

భారతములోని జరాసంధుని కథ మన మెఱిగినదే. రెండు వ్రక్కలుగా పుట్టిన శిశువును జర యను రాక్షసి యొక్కటిగా చేర్చినది. అతడు మహాబలుడై ఎందఱో రాజులను చెఱబెట్టెను. కాని కడకు భీముని చేతిలో నతడు చీలినది ఆ యతుకు వెంబడినే. ఊపిరితిత్తుల మార్పిడి యందును అతుకే ఆయువుపట్టు. మూత్రపిండమును గాని గుండెను గాని మార్చినపుడు రక్తనాళములను కలిపినచో అవి వెంటనే రక్తమును గైకొని బ్రదుకును. శ్వాసనాళపు గోడలకు మాత్రము రక్తము తెచ్చెడి సన్నని నాళములు వేఱుగ నున్నవి. వానిని సామాన్యముగా మరల కలుపరు. కావున కుట్టిన చోటు కొన్ని వారములు రక్తము చాలక బలహీనమై, క్రిములకును బూజునకును అనువగు తావగును.

కెనడా దేశమున టొరాంటో జనరల్ ఆసుపత్రిలో జోయెల్ కూపర్ అను వైద్యుడును ఆయన సహచరులును 1983లో ఈ చిక్కును విప్పిరి. కడుపులోని క్రొవ్వుపొరను పైకి తెచ్చి ఆ యతుకునకు రక్షగా చుట్టిరి. సైక్లోస్పోరిన్ అను క్రొత్త మందును వాడి, అతుకును మాననీయని పాత మందును మొదటి దినములలో తగ్గించిరి. ఆ రోగి ఆఱేండ్లకు మించి జీవించెను. ఇప్పుడు క్రొవ్వుపొర చుట్టవలసిన యవసరము సామాన్యముగా లేదు. కుట్టు విధానమే మెఱుగుపడినది.

ఆ సైక్లోస్పోరిన్ పుట్టుక విచిత్రమైనది. నార్వే దేశపు పీఠభూమి నుండి తెచ్చిన మట్టిలో నొక బూజు కలదు. దానినుండియే ఆ మందు పుట్టినది. నేడు దానికంటె నెక్కువగా వాడబడుచున్న టాక్రోలిమస్ అను మందు జపానులోని సుకుబా ప్రాంతపు మట్టిలో 1984లో కనుగొనిన యొక క్రిమినుండి వచ్చినది. ఈ మందులు చేయు పని యేమనగా, శరీరపు కావలివాండ్రను జోకొట్టుట. కావలివారు మేలుకొని యున్నచో క్రొత్త యూపిరితిత్తిని దొంగ యని తఱుముదురు. నిద్రించినచో అసలు దొంగలును లోనికి వత్తురు. ఈ రెంటి నడుమ త్రాసు ముల్లువలె మందును నిలుపుటయే వైద్యుల నిత్యప్రయాస. రోగి బ్రదికియున్నంత కాలము ఆ మందులను మానరాదు.

అయినచో మూత్రపిండము మార్పించుకొన్నవారును ఈ మందులనే వాడుదురు గదా, ఊపిరితిత్తికే ఇంత భయ మేల? ఏలయన మూత్రపిండము, గుండె, కాలేయము లోపలి గదులలోని కోడండ్రవంటివి. వాని కావలి గాలి సోకదు. ఊపిరితిత్తి వీధితలుపు. దినమునకు సుమారు 20,000 సార్లు వెలుపలి గాలి, ఆ గాలిలోని దుమ్ము, క్రిములు, బూజు రేణువులతో గూడ లోనికి వచ్చును. మామూలు ఊపిరితిత్తికి ఈశ్వరుడు రెండు రక్ష లిచ్చెను. నాళముల గోడలపై కంటికి కానరాని సన్నని రోమము లెల్లప్పుడును ఊడ్చుచుండుట యొకటి. ఏదేని లోన పడగానే దగ్గు వచ్చుట మఱియొకటి. మార్పిడిలో నరములు తెగిపోవుటచే అతుకునకు దిగువను ఏమి పడినను దగ్గు రాదు. ఊడ్చెడి రోమములును మందగించును. చీపురును లేదు, కుక్కయు మొఱుగదు, తలుపా తెఱచియే యున్నది! ఇదిగాక, దాత చివరి దినములలో శ్వాసయంత్రముపై నుండుటచే ఆ యూపిరితిత్తులతోనే కొన్ని క్రిములు వచ్చుటయు కలదు.

ఇక వైద్యశాల సంగతి. వైద్యశాల శుభ్రమైన చోటే యగుగాక. కాని అది రోగు లందఱును చేరు చోటు. అచట క్రిములు నిత్యము మందుల దెబ్బలు తినుచుండును. దెబ్బకు చచ్చునవి చావగా, చావనివి మిగిలి పెంపొందును. ఊరిలోని క్రిమి బందిపోటు వంటిదైనచో వైద్యశాలలోని క్రిమి చెఱసాలలో నాఱితేఱిన గజదొంగ. సూడోమొనాస్, క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్, స్టాఫిలోకాకస్ అనునవి వీనిలో ముఖ్యమైనవి. మార్పిడి జరిగిన మొదటి మాసమున వీని భయమే హెచ్చు. ఆ పిమ్మట కొన్ని మాసములు సైటోమెగలో అను వైరసు, ఆస్పర్జిల్లస్ అను బూజు మున్నగువాని భయము. వీనికై వైద్యులు ముందుగానే మందు లిచ్చుచుందురు.

ఆ గజదొంగలు ప్రవేశించు దారులేవి? శ్వాసయంత్రపు గొట్టము గొంతులో నున్నంతకాలము నోటిలోని క్రిములు దానిని పట్టుకొని దిగును. మెడలోని రక్తనాళమునకు పెట్టిన సన్నని గొట్టము, మూత్రపు గొట్టము, ఱొమ్ము ప్రక్క రసి కార్చుటకు పెట్టిన గొట్టము — ప్రతి గొట్టమును ఒక దిడ్డిదారి. అందుచేతనే మంచి వైద్యులు, "ఈ గొట్టము నేడు తీయవచ్చునా?" అని ప్రతిదినమును తమ్ము తాము ప్రశ్నించుకొందురు. వీనికంటె మనకు తోచని దారులు రెండు గలవు. ఒకటి నీరు; రెండవది చేయి.

నీటిని గూర్చి అమెరికాలో జరిగిన సంగతి వినుడు. డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యులు దీనిని 2017లో ప్రకటించిరి. ఒక పెద్ద వైద్యశాలలో 2013 ఆగస్టు మొదలు 2014 మే వఱకు 71 మంది రోగులలో మైకోబాక్టీరియం ఎబ్సెసస్ అను క్రిమి కానవచ్చెను. ఇది క్షయక్రిమికి దాయాది. దీనికి మందు దొరకుట కష్టము. ఆ 71 మందిలో 36 మంది ఊపిరితిత్తులు మార్పించుకొన్నవారు. ఎక్కడినుండి వచ్చినదని వెదకగా, ఆ క్రిమి వైద్యశాల నీటిలోనే దొరకినది. మనము త్రాగి జీర్ణించుకొను నీరే, దగ్గులేని ఆ క్రొత్త యూపిరితిత్తులకు విషమైనది. అంతట నిట్టి రోగులకు కుళాయి నీరు నోటికి గాని ముక్కునకు గాని తగులనీయక, త్రాగుటకును, పండ్లు తోముటకును, నోరు తుడుచుటకును క్రిమిరహితమైన నీటినే వాడిరి. రోగుల సంఖ్య మునుపటి స్థితికి దిగివచ్చెను. ఏ క్రొత్త మందును కాదు, నీటి మార్పే ఆ పని చేసినది.

చేతిని గూర్చిన కథ యింకను పాతది. స్త్రీలమైన మనము మఱువరానిది. వియన్నా నగరపు పెద్ద వైద్యశాలలో పురుడు పోయు విభాగములు రెండుండెను. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు పని చేయుచుండిరి. 1846లో మొదటిదానిలో నూటికి 11 మందికి పైగా బాలింతలు మరణించిరి. రెండవదానిలో నూటికి ముగ్గురైన లేరు. ఊరి స్త్రీలకు ఈ సంగతి తెలిసి, మొదటిదానిలో చేర్పవలదని మోకాళ్లపై బడి వేడుకొనెడివారు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అను యువవైద్యుడు కారణము కనుగొనెను. విద్యార్థులు శవములను కోసి పరీక్షించి, ఆ చేతులతోనే పురిటి గదికి వచ్చుచుండిరి. 1847 మే మాసమునుండి సున్నపు క్లోరిను నీటితో చేతులు కడుగుకొని గాని లోనికి రారాదని ఆయన నియమము పెట్టెను. 1848లో ఆ మొదటి విభాగమున మరణములు నూటికి ఒకటి చిల్లరకు దిగినవి. అయినను పెద్దవైద్యులు పలువురు, తమ చేతులే మృత్యుహేతువులనుట అవమానముగా నెంచి ఆయన మాటను త్రోసివైచిరి. ఆయన 1865లో ఒక పిచ్చియాసుపత్రిలో, పుండు చెడి రక్తము విషమై, 47 ఏండ్లకే మరణించెను.

ఆ కాలము గడచి 150 ఏండ్లు దాటినది. అయినను ప్రపంచారోగ్యసంస్థ 2022లో ప్రకటించిన లెక్కను చూడుడు. వైద్యశాలలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశములందు 7 గురికి, తక్కిన దేశములందు 15 గురికి అచటనే క్రొత్తగా నొక ఇన్ఫెక్షను తగులుకొనుచున్నది. తగిలినవారిలో పదింట నొకరు మరణించుచున్నారు. చేతులు కడుగుట మున్నగు సులభోపాయములచేత వీనిలో నూటికి 70 వఱకు నివారింపవచ్చునని ఆ సంస్థయే చెప్పుచున్నది.

ఇప్పుడు మా చెల్లెలి సంగతి చెప్పెదము. ఆమె మా పినతల్లి కుమార్తె. ఇద్దఱు బిడ్డల తల్లి. ఊపిరితిత్తులు నారకట్టుకొనిపోవు వ్యాధిచే రెండేండ్లు ప్రాణవాయువు సీసాతో కాలము గడపినది. ఒక రాత్రి కబురు వచ్చినది. ఎవరో కన్నవారు తమ దుఃఖములోనే యింతటి దానము చేసిరి. శస్త్రచికిత్స జరిగిన నాలుగవ దినమున గొట్టము తీసిరి. ఆమె పలికిన మొదటి మాట, "అక్కా, గాలి యింత తియ్యగా నుండునా?" అని.

మా తప్పు ఏడవ దినమున జరిగినది. ఆమె అత్తగారు ఉపవాసముండి, క్షేత్రమునకు పోయి, చిన్న సీసాతో తీర్థము పంపినది. మేము దానిని చెంగున దాచి తీసికొనిపోయి, చెల్లెలి పెదవులకు తాకింపబోతిమి. అచటి నర్సు, ఇరువది రెండేండ్ల పిల్ల, మా చేయి పట్టుకొని ఆపినది. మాకు కోపము వచ్చినది. "భగవంతుని తీర్థములో దోష మేమున్నదమ్మా?" అంటిమి. ఆ పిల్ల, "భగవంతునిలో లేదండీ, నీటిలో ఉండవచ్చును" అని మెల్లగా చెప్పినది. ఆ దినమున ఆ పిల్లను పొగరుబోతు అనుకొంటిమి. నీటిని గూర్చి పైన వ్రాసిన సంగతి చదివినది తరువాత. చదివిన దినమున మాకు చెమటలు పట్టినవి.

చేయక మానిన పని తొమ్మిదవ దినమునాటిది. ఒక పెద్ద వైద్యుడు, శిష్యులు వెంటరాగా, ప్రక్కగదిలోని రోగిని చూచి నేరుగా మా గదికి వచ్చెను. తలుపు ప్రక్కనే చేతులకు రాచుకొను స్పిరిటు మందు సీసా వ్రేలాడుచున్నది. ఆయన దానివంక చూడలేదు. మాటలాడుచునే వచ్చి, చెల్లెలి ఱొమ్ముపై కట్టు తొలగించి గాయము నంటి చూచెను. మేము చూచితిమి. ఆ నర్సు పిల్లయు చూచినది. మే మిద్దఱమును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. ఆమెకు ఉద్యోగ భయము. మాకు పెద్దల భయము. మహానుభావునితో "చేతులు కడుగుకొంటిరా?" యని అడుగుట యెట్లు? పురుషుల యెదుట, అందులోను విద్వాంసుల యెదుట నోరు విప్పరాదని బాల్యమునుండి నేర్చిన విద్య మా నాలుకను బంధించినది. ఆయన పోయెను.

పదుమూడవ దినమున జ్వరము వచ్చినది. కఫము పచ్చబాఱినది. పరీక్షలో క్లెబ్సియెల్లా క్రిమి తేలినది. అనేకమైన మందులకు లొంగని జాతి. చెల్లెలు మరల శ్వాసయంత్రము పాలైనది. ఇరువది దినములు ఆమె మాట మేము వినలేదు. కడపటి యాయుధముగా కొలిస్టిన్ అను ఘాటైన మందు నెక్కించిరి. అది క్రిమిని చంపినది గాని మూత్రపిండములను సగము తినివేసినది. చెల్లెలు బ్రదికినది. నేడు తన వాకిట పీటపై కూర్చుండి ముగ్గు పెట్టుచున్నది. కాని తిరిగి పొందిన బలములో సగము ఆ యిరువది దినములలో పోయినది.

ఆ క్రిమి ఆ వైద్యుని చేతినుండియే వచ్చినదని మేము చెప్పము. చెప్పుట ధర్మము గాదు. గొట్టము వెంట దిగియుండవచ్చును. దాత యూపిరితిత్తితో వచ్చియుండవచ్చును. మా చేతినుండియే వచ్చియుండవచ్చును. నిర్ణయించు నుపాయము లేదు. తెలిసినది ఒక్కటే: ఆ సీసా నిండుగా నుండెను, దానిని చూపుటకు మాకు నోరుండెను, మేము చూపలేదు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లు, పదునాలుగవ దినమునుండి అడుగ మొదలిడితిమి. మొదట అడిగినది ఒక చిన్న వైద్యుని. చేతులు జోడించి, "అయ్యా, మా చెల్లెలికి రోగమును తట్టుకొను శక్తి లేదని మీరే చెప్పితిరి. దయచేసి చేతులకు మందు రాచుకొని ముట్టుదురా?" అంటిమి. ఆయన కోపింపలేదు. "మంచి మాట గుర్తుచేసితి రమ్మా" అని సీసావద్దకు పోయెను. ఇంత సులభమైన మాటకా మేము అయిదు దినములు భయపడినది!

పోయిన సంక్రాంతికి చెల్లెలితో ఈ సంగతి చెప్పి క్షమాపణ కోరితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "నీవు పలికియున్నచో ఏమయ్యెడిదో ఎవరికి తెలియును? తరువాతి వారికైన చెప్పు మక్కా" అన్నది. గోదావరి సోదరి జాబు వచ్చిన దినమున ఆ మాటయే మాకు జ్ఞప్తికి వచ్చినది.

మన యిండ్లలో మడి యను ఆచారము గలదు. మడి కట్టుకొన్నవారు ఇతరులు తమ్ము అంటకుండ చూచుకొందురు. అనగా మైల ఎల్లప్పుడును ఎదుటివారియందే యున్నదని భావము. ఆ భావముచేత ఎందఱి మనసులు నొప్పించితిమో మన మెఱుగుదుము. వైద్యశాలలోని మడి దీనికి తలక్రిందులు. అచట మైల మనయందే యున్నదని యెంచి, మననుండి యెదుటివారిని కాపాడవలెను. అట్టి మడి పెద్దవైద్యునకును, ఊడ్చెడి మనిషికిని, తల్లికిని, అత్తకును ఒక్కటే. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు.

ఇక ఆ సోదరికిని, అట్టి రోగికి పరిచర్య చేయువా రందఱికిని మా మనవులు.

గదిలోనికి పోవునపుడును, వచ్చునపుడును, రోగిని గాని మంచమును గాని ముట్టుటకు ముందును తరువాతను చేతులు శుభ్రపఱచుకొనుడు. స్పిరిటు మందైనచో 20 నుండి 30 సెకండ్లు, సబ్బు నీరైనచో 40 నుండి 60 సెకండ్లు, వ్రేళ్ల సందులును బొటనవ్రేలును గోళ్ల కొనలును మఱువక రుద్దుడు. చేతికి మురికి కానవచ్చినను, అచట విరేచనముల జబ్బు ఉన్నను స్పిరిటు చాలదు; సబ్బునీరే కావలెను. చేతికి తొడుగున్నదని కడుగుట మానరాదు. ఉంగరములు, గాజులు మోచేతి దిగువ నుండనీయకుడు. మంగళకరములని మన మెంచు గాజుల సందులలో క్రిములు దాగును. కొలది దినములు తీసియుంచిన దోషము లేదు.

మీకు జలుబున్నను, దగ్గున్నను, ఇంటిలో బిడ్డకు జ్వరమున్నను పోవలదు. చూడబోకపోవుటయే ఆ దినమున ప్రేమ. పూలు, తీర్థము, ప్రసాదము, కుంకుమ, విభూతి గదిలోనికి కొనిపోవలదు; పూజ ఇంటియందే చేసి, ఫలము రోగికి ధారపోయుడు. కుళాయి నీటిని గూర్చి ఆ వైద్యశాల నియమ మేమో మొదటనే అడిగి తెలిసికొనుడు.

ఇంటికి వచ్చిన పిమ్మట పచ్చిపాలు, మొలకెత్తిన పచ్చిగింజలు, కడుగని పండ్లు, బజారు చట్నీలు పెట్టవలదు. పంపరపనసయు, దాని జాతికి చేరిన గ్రేప్‌ఫ్రూటును మందు బలమును మార్చును, తినరాదు. మట్టి త్రవ్వుట, పేడకుప్ప కదలించుట, పావురముల రెట్ట ఊడ్చుట, ఇల్లు పగులగొట్టు చోట నిలుచుట రోగికి తగదు. ఆస్పర్జిల్లస్ బూజు రేణువులు అట్టి దుమ్ములో నుండును. పసరులు, కషాయములు మంచివే కావచ్చును గాని, వైద్యు నడుగక ఒక్క చెంచాయు పోయకుడు. శరీరపు కావలివారు నిద్రించుచుండుటచే జ్వరము పెద్దగా రాకపోవచ్చును. ఆయాసము హెచ్చినను, కఫము రంగు మాఱినను, ఊపిరి కొలుచు పరికరములో అంకె పదింట నొక వంతు తగ్గినను, తెల్లవాఱువఱకు ఆగక కబురు చేయుడు.

కడపటిది, మా యనుభవమున అన్నిటికంటె కష్టమైనది: నోరు తెఱచి అడుగుడు. వైద్యులు మనకు శత్రువులు కారు. ఒక్క దినమున ఎందఱినో చూచి అలసిన మనుష్యులు. గుర్తు చేయుట అవమానించుట గాదు. వినయముతో అడుగుడు, కాని అడుగుడు. మన యిండ్లలో తడిచేయితో జాడీ ముట్టబోయిన వారిని, వారు మామగారైనను, "కొంచెము ఆగుడు, చేయి తుడుచుకొనుడు" అని చెప్పుటకు మనము జంకము. ఆవకాయ కున్న గౌరవము అన్నగారి ప్రాణమునకు లేదా?

ఊపిరితిత్తులు మార్పించుకొన్నవారిలో ఐదేండ్లు దాటువారు నేడు సగముకంటె కొంచెము ఎక్కువ. ఇది చిన్న సంఖ్య యని నిరాశ పడవలదు. 18 దినములనుండి ఇంతవఱకు వచ్చినది. హైదరాబాదు, చెన్నపట్టణములందును ఈ చికిత్స జరుగుచున్నది గావున, ఈ కావలి పని ఇక మన తెలుగు ఇండ్లలోని స్త్రీలకును తప్పదు. గోదావరి సోదరి అన్నగారు ఆ సగముకంటె హెచ్చైన వారిలో చేరి, చిరకాలము తియ్యని గాలి పీల్చుగాక యని మేమును మా చెల్లెలును ప్రార్థించుచున్నాము. ఆమె మఱల జాబు వ్రాసినచో సంతసింతుము.

వచ్చు మాసమున వేసవి నీటి నిలువను గూర్చి ముచ్చటించుకొందము.